పేరట్‌లెట్‌లో ఏది ఆడ, ఏది మగ? కంటి దగ్గర కాదు, రెక్కలో చూడండి

విజయవాడ నుంచి ఒకరు ఫోటోలు పెట్టి అడిగారు: జంట అని చెప్తే రెండు ఆకుపచ్చ పసిఫిక్ పేరట్‌లెట్లు (దక్షిణ అమెరికాకు చెందిన, పిచ్చుక కంటే చిన్న చిలకలు) కొన్నారట. ఒకదానికి కంటి వెనక లేత నీలం గీత ఉంది, రెండోదానికి లేదు. అందుకని గీత ఉన్నది మగ అనుకున్నారు. నెస్ట్ బాక్స్‌లో, అంటే గూటి పెట్టెలో, తొమ్మిది గుడ్లు వచ్చాయి, ఒక్కటీ పిల్ల కాలేదు. ఇప్పుడు మూడు సందేహాలు: మగది నిజంగా మగదేనా, వయసు పెరిగితే ఇంకా నీలం వస్తుందా, నీలం రావడానికి పెట్టాల్సిన మేత ఏదైనా ఉందా.

సూటిగా చెప్తాను. మీరు పెట్టిన ఫోటోల్లో ఉన్నవి రెండూ ఆడవే. నీలం ఇకముందు రాదు. ఏ మేత పెట్టినా, ఏ టానిక్ పోసినా రాదు. తొమ్మిది గుడ్లు కూడా అదే చెప్తున్నాయి. పేరట్‌లెట్ ఒక విడతలో మామూలుగా నాలుగు నుంచి ఏడు గుడ్ల దాకా పెడుతుంది. ఒకే పెట్టెలో తొమ్మిదో పదో కనిపించి అన్నీ వట్టివైతే, రెండు ఆడవి కలిసి పెట్టాయేమో అని నాకు మొదట అనుమానం వస్తుంది.

కంటి గీత గురించి చాలామంది పొరబడతారు కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను. ఈ జాతి, అంటే ఫోర్పస్ కొలెస్టిస్, మగదానికి కంటి వెనక నుంచి మెడ వైపు నీలం గీత స్పష్టంగా ఉంటుంది, నిజమే. కానీ ఆడదానికీ చాలాసార్లు అదే చోట లేత నీలమో, నీలం కలిసిన ఆకుపచ్చో ఒక జాడ ఉంటుంది. కొన్నింటికి బాగానే కనిపిస్తుంది, కొన్నింటికి అసలు ఉండదు. అందుకే రెండు ఆడవాటిని పక్కపక్కన పెడితే గీత ఎక్కువున్నది మగ, తక్కువున్నది ఆడ అనిపించేస్తుంది. దుకాణంలో చాలా 'జంటలు' ఇలాగే కుదురుతాయి, అమ్మేవాళ్ళలో కొందరు మోసం చేయాలని కాదు, వాళ్ళూ ముఖమే చూస్తారు.

చూడాల్సిన చోట్లు రెండే: రెక్క, రంప్. రంప్ అంటే వీపు అయిపోయి తోక మొదలయ్యే ముందు ఉండే భాగం. పక్షి కొమ్మ మీద కూర్చుంటే ముడిచిన రెక్కలు దాన్ని కప్పేస్తాయి, అందుకే కనబడదు. మగదానికి అక్కడ ముదురు నీలం, మన లాండ్రీ నీలిమందు అంత ముదురుగా ఉంటుంది. రెక్క విప్పితే పైభాగంలో కూడా అదే నీలం పట్టీ, రెక్క అడుగున కూడా నీలమే. ఆడదానికి ఈ చోట్లన్నీ ఆకుపచ్చే. రంప్ కాస్త మెరిసే ఆకుపచ్చగా ఉంటుంది, అంతే.

మరి ఎలా చూడాలి? పక్షిని పట్టుకుని రెక్క లాగి చూడొద్దు. ముప్పై గ్రాములు కూడా సరిగ్గా తూగని పక్షి, చేతిలో ఛాతీ కొంచెం బిగుసుకుందంటే ఊపిరి ఆడదు. పొద్దున్నే నిద్ర లేచాక, మధ్యాహ్నం కునుకు తీశాక, స్నానం చేశాక అవి ఒళ్ళు విరుచుకుంటాయి. ఒక పక్క రెక్కా కాలూ కలిపి వెనక్కి చాపుతాయి, తర్వాత రెండో పక్క. తర్వాత రెండు భుజాలూ పైకెత్తుతాయి. ఆ క్షణం కోసం ఫోన్ పెట్టుకుని కూర్చుంటే చాలు, వీడియో తీసి ఆపి చూసుకోవచ్చు. కిటికీ వెలుతురు పక్షి మీద పడాలి, పక్షి వెనక నుంచి రాకూడదు. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫోటోలు నాకు పంపితే నేను జవాబివ్వను, ఎందుకంటే ఆ వెలుతురులో ఆకుపచ్చ కూడా నీలంగా పడుతుంది.

మిగతా శరీరం సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే అలవాటు పడితే రెక్క చూడకముందే అంచనా వస్తుంది. మొత్తం పొడవు 11 నుంచి 14 సెంటీమీటర్లు, అంటే మన ఊరపిచ్చుక కంటే చిన్నదే, కానీ తల పెద్దది, మెడ లేనట్టు ఉంటుంది, తోక పొట్టిగా కోసుగా ఉంటుంది. ముక్కు, కాళ్ళు లేత గులాబీ. కళ్ళు ముదురు గోధుమ. మగదాని ముఖం, నుదురు పసుపు కలిసిన తాజా ఆకుపచ్చ. మెడ వెనక నుంచి వీపు దాకా బూడిద కలిసినట్టు, కాస్త మసకగా ఉంటుంది. ఈ రెండిటి మధ్య తేడా మగదానిలో బాగా తెలుస్తుంది, ముఖం వెలుగుతున్నట్టు ఉంటుంది. ఆడదాని వీపులో బూడిద తక్కువ, ఒళ్ళంతా ఇంచుమించు ఒకే ఆకుపచ్చ. సైజు, తల ఆకారం, ముక్కు లావు, ఎవరు ఎవరికి మేత తినిపిస్తున్నారు, ఎవరు ఎవరి మీద ఎక్కుతున్నారు, వీటిలో దేనినీ నేను లెక్కలోకి తీసుకోను. రెండు ఆడవి కలిసుంటే తినిపించుకుంటాయి, ఈకలు సర్దుకుంటాయి, ఒకటి మగదానిలా కూడా ప్రవర్తిస్తుంది.

ఇక అసలు విషయం, నీలం మేతతో ఎందుకు రాదు.

కానరీలు పెంచినవాళ్ళ దగ్గర విన్న మాట ఇది. ఎర్ర కానరీకి ఈకలు వచ్చే కాలంలో రంగు మేత పెట్టకపోతే నారింజలోకి దిగిపోతుంది. ఫ్లెమింగో కూడా అంతే. వాటి ఎరుపు, పసుపు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల నుంచి వస్తాయి, అవి తిండిలోంచే రావాలి. చిలక జాతులు వేరు. వాటి పసుపు, ఎరుపు సిట్టకోఫుల్విన్ అనే రంగు పదార్థంతో వస్తాయి. దాన్ని పక్షి తిండిలోంచి తెచ్చుకోదు, పెరుగుతున్న ఈకలో తానే తయారు చేసుకుంటుంది. చిలకల రక్తంలో కెరోటినాయిడ్లు తిరుగుతూనే ఉంటాయి, కానీ ఈకకు పట్టవు. కాబట్టి క్యారెట్ పెట్టండి, మంచిదే, దాని విటమిన్ ఏ కోసం. రంగు కోసం కాదు.

నీలం అయితే అసలు రంగు పదార్థమే కాదు. ఈక కాడకు రెండు పక్కలా సన్నని పోగులు ఉంటాయి. చిలక ఈకలో ఆ పోగు లోపల కెరాటిన్ (మన గోళ్ళలో ఉండే పదార్థమే), గాలి కలిసి అతి సూక్ష్మమైన రంధ్రాల పొర ఉంటుంది, దాని కింద మెలనిన్ అనే నల్లని రంగు పదార్థం. ఆ రంధ్రాల అమరిక నీలం వెలుతురును మాత్రం బలంగా వెనక్కి పంపుతుంది, మిగతా వెలుతురును కింద ఉన్న మెలనిన్ మింగేస్తుంది. చాలాకాలం దీన్ని ఆకాశం నీలంగా కనిపించడంతో కలిపి చెప్పేవారు. తర్వాత, ముఖ్యంగా 1998లో రిచర్డ్ ప్రమ్ బృందం నేచర్ పత్రికలో రాసిన పరిశోధనతో, అది వేరే తీరు అని, ఆ రంధ్రాలు ఒక పద్ధతిలో అమరి ఉండటమే కారణమని తేలింది. వాళ్ళు చూసింది కూడా దక్షిణ అమెరికా పక్షి ఈకనే, కొటింగా అనే నీలి పక్షిది.

ఇంట్లోనే ఇది చూడొచ్చు. మగ పేరట్‌లెట్ రాల్చిన నీలం ఈకను చేతిలో పెట్టుకుని వెలుతురు మీద పడేట్టు చూస్తే నీలం. అదే ఈకను కిటికీకి అడ్డంగా ఎత్తి వెలుతురు వెనక నుంచి వచ్చేట్టు చూస్తే నీలం పోయి మట్టి గోధుమ రంగు కనిపిస్తుంది. ఈక పోగును నలిపేస్తే ఇంక నీలం తిరిగి రాదు, లోపలి అమరిక పాడైపోయింది కాబట్టి. ఎవరైనా రంగు వేసి అమ్మారేమో అని అనుమానం ఉన్నవాళ్ళకు ఇదే పరీక్ష, వేసిన రంగు వెనక వెలుతురులో కూడా నీలంగానే ఉంటుంది.

ఇప్పుడు ఆకుపచ్చ ఎలా వస్తుందో మీకే తెలిసిపోతుంది. కింద ఈ నీలం, పైన పసుపు సిట్టకోఫుల్విన్, రెండూ కలిస్తే ఆకుపచ్చ. మగదాని రెక్కలో, రంప్‌లో ఆ పసుపు పడదు. అందుకే అక్కడ నీలం బయటపడుతుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మ్యుటేషన్లలో, అంటే జన్యువు మారి వేరే రంగులో పుట్టే రకాల్లో, కూడా ఆడా మగా తేల్చడం సులువు, పుస్తకం చూడక్కర్లేదు.

నీలం మ్యుటేషన్ అంటే పసుపు పూర్తిగా పోయింది. ఒళ్ళంతా లేత నీలం అవుతుంది. అప్పుడు మగదాని రెక్క, రంప్ కూడా కలిసిపోవాలి కదా అని ఒకరు మంచి ప్రశ్న వేశారు ఒకసారి. కలిసిపోవు, ఆ చోట్ల నీలం ఇంకా ముదురుగా ఉంటుంది. అంటే తేడా పసుపులోనే కాదు, కింద పోగుల అమరికలోనో మెలనిన్‌లోనో కూడా ఉందన్నమాట. ఆడదానికి రంప్ ఒంటి రంగులోనే ఉంటుంది. డార్క్ ఫ్యాక్టర్ (రంగును ముదురు చేసే జన్యువు) ఉన్నవాటిలో ఒళ్ళే ముదురుగా ఉంటుంది కాబట్టి ఇక్కడ కాస్త జాగ్రత్త, తప్పకుండా పగటి వెలుతురులో చూడాలి.

లుటినో అనే పసుపు రకంలో మెలనిన్ లేదు. మెలనిన్ లేకపోతే నీలం కనబడదు, పసుపు మాత్రం మిగులుతుంది. మగదానికి రెక్క, రంప్ దగ్గర పసుపు మొదటి నుంచీ లేదు, కాబట్టి అక్కడ తెల్లగా ఉంటుంది. ఆడది ఆ చోట కూడా పసుపే. లుటినో పక్షిని చూపించి "ఇది పైడ్, తెల్ల మచ్చలున్నాయి" అని ఎక్కువ ధర చెప్పేవాళ్ళుంటారు, ఆ తెలుపు సరిగ్గా రెక్కలోనూ రంప్‌లోనూ ఉంటే అది మామూలు లుటినో మగది.

ఆల్బినోలో పసుపూ లేదు, మెలనినూ లేదు. అంతా తెలుపే. చూసి చెప్పడం కుదరదు. డీఎన్ఏ టెస్ట్ ఒక్కటే దారి. పైడ్‌లో మచ్చ రెక్క మీద పడి నీలాన్ని తినేసి ఉండొచ్చు, కాబట్టి నీలం కనిపిస్తే మగ అనుకోవచ్చు కానీ కనిపించలేదని ఆడ అని తేల్చకూడదు. అక్కడ కూడా డీఎన్ఏ. టెస్ట్‌కు కేజ్ అడుగున రాలిన ఈకలు పంపకండి, వాటిలో పనికొచ్చే కణాలు చాలాసార్లు ఉండవు, ఛాతీ దగ్గర అప్పుడే పీకిన కొన్ని చిన్న ఈకలు కావాలి. పక్షుల్లో ఆడదానికి జెడ్, డబ్ల్యూ అని రెండు వేర్వేరు క్రోమోజోములు, మగదానికి రెండూ జెడ్. సీహెచ్‌డీ1 అనే జన్యువు రెండిటి మీదా ఉంటుంది కానీ పొడవులో తేడా ఉంటుంది, ల్యాబ్ చూసేది దాన్నే.

మీ రెండో ప్రశ్న, వయసు. బడ్జీలు అనే చిన్న చిలకల్లో ముక్కు పైన రంధ్రాల చుట్టూ ఉండే చర్మం (సియర్) రంగు తేలడానికి నెలలు పడుతుంది, ఆ అలవాటుతో పేరట్‌లెట్‌కీ ఆగాలేమో అనుకుంటారు. అక్కర్లేదు. పేరట్‌లెట్ మొదటి ఈకలతోనే తేలిపోతుంది. గుడ్డు పొదగడానికి మూడు వారాల దగ్గర పడుతుంది. తర్వాత మూడో వారంలో రెక్కల మీద ముళ్ళలా వచ్చిన ఈకలు విచ్చుకోవడం మొదలవగానే మగ పిల్లల్లో నీలం మొన కనిపిస్తుంది. పెట్టె శుభ్రం చేసేటప్పుడు పిల్లల రెక్క చూసి నేను అప్పుడే రాసి పెట్టుకుంటాను. పిల్లల రంగు పెద్దవాటి కంటే కాస్త వెలిసినట్టు ఉంటుంది, మొదటిసారి ఈకలు మారాక తేటపడుతుంది, కానీ లేని నీలం కొత్తగా పుట్టదు.

ఒకవేళ ఎప్పుడో ఈక రంగు మారితే అది ఆడా మగా సంగతి కాదు, ఆరోగ్యం సంగతి. ఆకుపచ్చ ఈకల మధ్య నల్లటి అంచులు, మసిపట్టినట్టు ఈకలు వస్తే ఈక అరిగిపోయి గానీ లోపలి నిర్మాణం సరిగ్గా ఏర్పడక గానీ కింద మెలనిన్ బయటపడుతోందని అర్థం. ఉన్నట్టుండి పసుపు మచ్చలు వస్తే లివర్ సమస్య అయినా కావచ్చు. ఒట్టి కొర్రలు, వరిగెలు మాత్రమే తింటున్న పక్షుల్లో ఇవి ఎక్కువ చూశాను. పక్షుల డాక్టర్‌కు చూపించండి, ఫోటో చూసి మందు చెప్పేవాళ్ళ మాట వినకండి.

ఇంకో మెలిక ఉంది. నేను చెప్పిన రెక్క ప్లస్ రంప్ లెక్క పసిఫిక్ జాతికి. పేరట్‌లెట్లలో వేరే జాతులున్నాయి, వాటిలో లెక్క మారుతుంది. వెనిజువెలా వైపు గడ్డి మైదానాల్లో ఉండే గ్రీన్ రంప్డ్ జాతిలో మగదానికి రెక్కలోనే నీలం, రంప్ ఆకుపచ్చ. ఆ జాతి మీద స్టీవెన్ బీసింజర్ బృందం 1988 నుంచి గూటి పెట్టెలు పెట్టి అధ్యయనం చేసింది. తల్లిదండ్రులు ఒక్కో పిల్లకు ఒక్కో ప్రత్యేకమైన పిలుపు నేర్పుతాయని కార్ల్ బెర్గ్ 2011లో చూపించింది అక్కడే. బ్రెజిల్ వైపు ఉండే బ్లూ వింగ్డ్ జాతి మగదానికి రెక్క, రంప్ రెండూ నీలమే కానీ కంటి వెనక గీత ఉండదు. కొలంబియా వైపు స్పెక్టకిల్డ్ జాతి మగదానికి కంటి చుట్టూ నీలం వలయం. పెరూలో మరాన్యోన్ లోయలో మాత్రమే ఉండే యెల్లో ఫేస్డ్ జాతిలో ఆడా మగా రెండిటి ముఖమూ పసుపే. పట్టి అమ్మడం వల్ల ఒకప్పుడు అవి బాగా తగ్గిపోయాయి, ఇప్పటికీ ప్రమాదం అంచున ఉన్న జాతిగానే లెక్క. కాబట్టి పసుపు ముఖం పక్షి అని ఎవరైనా అమ్మజూపితే ఎక్కడి నుంచి వచ్చిందో గట్టిగా అడగండి. మన దగ్గర ఆకుపచ్చ, నీలం, తెలుపు, పసుపు అంటూ అమ్మేవి దాదాపు అన్నీ పసిఫిక్ జాతి మ్యుటేషన్లే.

ఈ పక్షుల్ని వాటి సొంత చోట చూస్తే ఈ రంగు ఎందుకు ఇలా ఉందో ఇంకా బాగా అర్థమవుతుంది. ఉద్యోగం మీద కొంతకాలం ఈక్వడార్‌లో గుయాకిల్ నగరంలో ఉన్నాను. పసిఫిక్ పేరట్‌లెట్ పశ్చిమ ఈక్వడార్ నుంచి పెరూ వాయవ్య భాగం దాకా ఉంటుంది, ఎండు అడవులు, ముళ్ళ పొదలు, తోటలు, ఊళ్ళలో పార్కులు, అన్నిట్లోనూ. గుయాకిల్‌లో ఇళ్ళ మధ్య చెట్ల మీదే కనిపించేవి. నగరం శివార్లలో సెర్రో బ్లాంకో అని ఎండు అడవి ఉంది. అక్కడ సీబో అనే చెట్లు, మన బూరుగు బంధువులే, వాటి మానే ఆకుపచ్చగా ఉంటుంది, ఎండాకాలం ఆకులు రాల్చేసినా మాను ఆకుపచ్చే. దాని మీద గుంపు వాలిందంటే కిచకిచ వినబడుతుంది కానీ ఒక్కటీ కనబడదు. లేచి ఎగిరినప్పుడు మాత్రం మగవాటి రంప్, రెక్కలు ఒక్కసారి నీలంగా వెలుగుతాయి, మళ్ళీ వాలగానే ఆ నీలం రెక్కల కింద దాగిపోతుంది. ముఖం, వీపు గద్ద కంట పడకుండా ఉండేట్టు, నీలం తోటి పక్షులకు మాత్రమే ఎగిరినప్పుడు కనిపించేట్టు అమరి ఉంటాయి. కేజ్‌లో కూర్చున్న పక్షిలో మీకు అది దొరకకపోవడానికి కారణం కూడా ఇదే. పైగా పక్షులు మనకు కనబడని అతినీలలోహిత వెలుతురు కూడా చూస్తాయి. మనకు ఒకేలా ఉన్న రెండు ఆకుపచ్చలు వాటికి వేరువేరుగా కనిపిస్తుండొచ్చు.

మన వైపు వాళ్ళకు ఒక హెచ్చరిక. తూర్పు కనుమల్లో ఇంచుమించు ఇదే సైజులో, పొట్టి తోకతో, ఆకుపచ్చగా ఉండే చిలక ఒకటుంది, తలకిందులుగా వేలాడి నిద్రపోతుంది. దాని ముక్కు ఎరుపు, రంప్ ఎరుపు. 'ఎర్ర రంప్ పేరట్‌లెట్' అని ఎవరైనా చూపిస్తే అది పేరట్‌లెట్ కాదు, మన అడవి పక్షి. దాన్ని కొనడం, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, రామచిలకకు వర్తించినట్టే. పేరట్‌లెట్ విదేశీ పక్షి కాబట్టి పెంచుకోవచ్చు, కానీ అడవి జీవుల వ్యాపారం మీద ఉన్న అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. చేయకపోతే చేయించుకోండి, ఆలస్యం చేయకండి.

చివరగా మీ రెండు పక్షుల సంగతి. అవి కలిసి బాగానే ఉంటే విడదీయాల్సిన పని లేదు. ముందు నెస్ట్ బాక్స్ తీసేయండి, వట్టి గుడ్లు పెట్టీ పెట్టీ కాల్షియం పోయి ఆడవి నీరసపడిపోతాయి, గుడ్డు ఇరుక్కునే ప్రమాదం కూడా ఉంది. కటిల్‌బోన్ (కాల్షియం కోసం పక్షులు కొరికే తెల్లటి గుల్ల ముక్క) ఎప్పుడూ కేజ్‌లో ఉంచండి. పిల్లలు కావాలనుకుంటే ఒక్కోదానికి ఒక్కో మగదాన్ని, వేరే రక్తం ఉన్నదాన్ని తీసుకోండి. ఒకే కేజ్‌లో నేరుగా వదలొద్దు, పేరట్‌లెట్ చిన్నదే కానీ కోపం ఎక్కువ, కొత్తదాన్ని కాళ్ళు కొరికి గాయం చేస్తుంది. పక్కపక్క కేజ్‌లలో కొన్ని వారాలు ఉంచి, జాలీ దగ్గరకొచ్చి ఒకదాన్నొకటి చూసుకుంటూ కూర్చోవడం మొదలయ్యాకే కలపండి. కొనేటప్పుడు దుకాణంలో పక్షిని పెద్ద కేజ్‌లోకి మార్చమని అడగండి, ఆ కొమ్మ నుంచి ఈ కొమ్మకు రెండుసార్లు ఎగిరితే చాలు, రంప్ కనిపిస్తుంది. కొనే ముందు రెక్క విప్పిన ఫోటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.